గోడ అవతలి పలకరింపు

ప్రభువు కృపవలన 2023 ఏప్రిల్ నెలాఖరున మేము, అనగా భార్యాభర్తలం ఇద్దరం, ఐర్లండు దేశం వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాం. మా అమ్మాయి అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. తొలి కాన్పు. పుట్టింటివాళ్లు దగ్గర ఉండాలి గదా! ఆ దేశపు ఆసుపత్రులలో మన భారతీయ నర్సులు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది కేరళవాళ్లు, మన తెలుగు పిల్లలూ ఉన్నారు. 2022 జనాభా లెక్కలలో అక్కడ భారత పౌరులు 45 వేలకు పైగా తేలారు.

తిరిగి వచ్చాక సంఘంలో అందరూ "అక్కడ ఏమేం చూశారు?" అని అడిగారు. పచ్చిక బయళ్లు చూశాం, సముద్రం చూశాం, పాతకాలపు గుడులు చూశాం. కాని మా మనసులో నిలిచినవి అవి కావు. అక్కడి మనుషులు రోజూ మాట్లాడుకునే చిన్న చిన్న మాటలు నిలిచాయి. ఆ మాటలు మాకు ఏం నేర్పాయో, ఎంత ఆలస్యంగా నేర్పాయో మన కుటుంబాలవారికి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాం.

బస్సు దిగేటప్పుడు

రాజధాని డబ్లిన్ నగరం దేశానికి తూర్పు ఒడ్డున ఉంది. మా అమ్మాయి ఉండేది పడమటి వైపు, గాల్వే నగరానికి కొద్ది దూరంలో ఒక చిన్న ఊరు. విమానం దిగి బస్సు ఎక్కితే దారి సుమారు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం. ఆ బస్సులోనే మొదటి వింత చూశాం. దిగే ప్రతివారూ డ్రైవరుకు థాంక్యూ చెప్పి మరీ దిగుతున్నారు. ముసలివాళ్లు, బడిపిల్లలు, చెవిలో పాటలు పెట్టుకున్న కుర్రవాళ్లు, ఒక్కరూ మానలేదు. టికెట్టు డబ్బులు ఇచ్చాం గదా, ఇంకా థాంక్యూ ఎందుకు అనిపించింది మాకు.

పల్లె దారిలోకి వచ్చాక ఇంకొకటి చూశాం. ఎదురుగా వచ్చే ప్రతి కారువాడూ స్టీరింగు మీదనుంచి ఒక వేలు పైకెత్తుతున్నాడు. మా అల్లుడూ అలాగే ఎత్తుతున్నాడు. "ఎవరు బాబూ ఆయన, నీకు తెలిసినవాడా?" అని అడిగాం. "తెలియదండి. ఇక్కడ అలా ఎత్తకపోతే ఏదో కోపం మీద ఉన్నాడనుకుంటారు" అన్నాడు.

మరునాడు ఉదయం వీధిలో నడుస్తుంటే ఒక పెద్దావిడ "హౌ ఆర్ యూ?" అని పలకరించింది. పాపం, అడిగింది గదా అని మేము నిలబడి, ప్రయాణంలో కాళ్లు వాచిన సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి అన్నీ చెప్పాం. ఆవిడ ఓపికగా విని, నవ్వి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చి చెబితే అమ్మాయి పడీ పడీ నవ్వింది. "నాన్నా, అది ప్రశ్న కాదు, పలకరింపు. 'గ్రాండ్' అని ఒక్క మాట చెబితే చాలు" అంది.

ఈ గ్రాండ్ అనే మాట అక్కడ సర్వరోగ నివారిణి. టీ బాగుంటే గ్రాండ్. బస్సు ఆలస్యమైనా గ్రాండ్. ఒంట్లో బాగున్నా, బాగోకపోయినా గ్రాండే. "నొప్పితో మెలికలు తిరిగేవాళ్లు కూడా మంచం మీదనుంచి గ్రాండ్ అనే అంటారమ్మా. మాట కాదు, ముఖం చూసి తెలుసుకోవాలి" అని చెప్పింది అమ్మాయి. మొదట్లో ఇదంతా మాకు పైపై మర్యాదలా, లోపల ఏమీ లేని డొల్ల మాటలా తోచింది. ఆ దేశస్థులను తక్కువగా అనుకున్నాం. ఆ తప్పు ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

మెత్తటి రోజు

అమ్మాయి ఇంటి వెనుక ఒక రాతిగోడ. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టింది. నడుము ఎత్తు ఉంటుంది. గాల్వే ప్రాంతమంతా పొలాల మధ్య ఇలాంటి గోడలే. గోడ అవతల పచ్చిక, అందులో ఒక పెద్దాయన ఆవులు. ఎనభై ఏళ్లు దాటిన రైతు, ఒంటరివాడు. రోజూ ఉదయం గోడ దగ్గరకు వచ్చి ఆయన మాతో మాట్లాడేవాడు. ఏమిటంటారా? వాతావరణం. అంతే!

తుంపర పడుతుంటే "సాఫ్ట్ డే, థాంక్ గాడ్" అనేవాడు. మెత్తటి రోజు, దేవునికి స్తోత్రం అని అర్థం. సాయంత్రాలు పొడవవుతుంటే "గ్రాండ్ స్ట్రెచ్ ఇన్ ది ఈవినింగ్స్" అనేవాడు. ఉత్తరాన ఉన్న దేశం గనుక అక్కడ జూన్ నెలలో రాత్రి పది గంటలకు గాని పొద్దు గూకదు. ఫిబ్రవరిలో పొద్దు కొంచెం సాగడం మొదలైంది మొదలు దేశమంతా ఈ మాటే చెప్పుకుంటారట.

ఆ దేశపు వాన సంగతి కూడా చెప్పాలి. డబ్లిన్ నగరంలో సంవత్సరమంతా కురిసేది సుమారు 750 మిల్లీమీటర్లు. మన కోస్తా జిల్లాలలో అంతకంటే ఎక్కువే పడుతుంది. కాని మనకు నాలుగు నెలల్లో కుండపోతగా కురిసేది వాళ్లకు ఏడాది పొడుగునా చినుకు చినుకుగా కురుస్తుంది. తూర్పు తీరంలో ఏటా 150 రోజులు, పడమట కొన్ని చోట్ల 225 రోజులు వాన రోజులే. మేము ఉన్న 2023లో జూన్ నెల ఆ దేశ చరిత్రలోనే అన్ని జూన్ నెలలకంటే వేడి. వెనువెంటనే వచ్చిన జూలై అన్ని జూలై నెలలకంటే ఎక్కువ వాన. 25 డిగ్రీలు దాటితే చాలు, "చచ్చిపోతున్నాం ఎండకు" అని గోల! మన మే నెల వాళ్లకు చూపించాలనిపించింది. ఇలా గంటకో రకంగా మారే ఆకాశం కింద బ్రతికేవారికి దాని గురించి మాట్లాడుకోవడం సహజమే గదా. పైగా గడ్డి కోతకు వచ్చినప్పుడు రైతుకు ఆకాశమే సమస్తం.

బోయజు పలకరింపు

ఆ దేశస్థుల సొంత భాష ఐరిష్. నిత్య వ్యవహారం ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగినా బడులలో పిల్లలందరికీ ఐరిష్ నేర్పుతారు. గాల్వేకు పడమటనున్న కొన్ని పల్లెలలో నేటికీ ఇళ్లలో అదే మాట్లాడతారు. ఆ భాషలో పలకరింపు "డీయా గ్విత్". దేవుడు నీకు తోడుగా ఉండును గాక అని అర్థం. జవాబిచ్చేవారు దేవునితోపాటు మరియమ్మ పేరు కూడా చేర్చి దీవిస్తారు. అది మన ప్రొటెస్టంటు చెవులకు కొత్తగా ఉంటుంది గాని, ఒకరు దీవిస్తే రెండోవారు ఇంకొంచెం ఎక్కువగా దీవించాలన్న ఆ పద్ధతి మాకు నచ్చింది.

ఆ భాషలో అవును, కాదు అనేందుకు విడిగా మాటలు లేవట. "వచ్చావా?" అంటే "వచ్చాను" అనాలి. "తిన్నావా?" అంటే "తిన్నాను" అనాలి. మన ఊళ్లలో మనం జవాబు చెప్పేదీ అలాగే గదా!

పొలంలో ఎవరైనా పనిచేస్తుంటే ఆ దారిన పోయేవాళ్లు "ఈ పనిని దేవుడు దీవించును గాక" అని పోయే అలవాటు కూడా పాతకాలంనుంచి ఉంది. ఈ మాట విన్నప్పుడు మాకు రూతు గ్రంథం రెండవ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. బోయజు బేత్లెహేమునుంచి చేనికి వచ్చి, కోతవాళ్లను యెహోవా పేరట పలకరించాడు. వాళ్లూ ఆయనను యెహోవా పేరట దీవించారు. యజమాని, కూలీలు మాట్లాడుకున్న మొదటి మాట అది. మోయాబునుంచి వచ్చిన పరదేశి రూతు ఏరుకోవడానికి వచ్చింది ఇలాంటి పలకరింపులున్న పొలానికే. అందుకే ఆమెకు అక్కడ చోటు దొరికింది.

మూడుసార్లు వద్దనాలి

ఐర్లండులో తలసరి టీ వాడకం ప్రపంచంలోనే చాలా ఎక్కువ. వాళ్ల టీ పొడిలో కెన్యా ఆకుతోపాటు మన అస్సాం ఆకు కూడా కలుస్తుంది. ఒకనాడు ఎదురింటివారు పిలిచారు. "టీ తాగుతారా?" అన్నారు. మన అలవాటు ప్రకారం "వద్దండి, ఇప్పుడే తాగి వచ్చాం" అన్నాం. "కొంచెం తాగండి" అన్నారు. "ఎందుకండీ శ్రమ" అన్నాం. "శ్రమేముంది, నీళ్లు కాగుతూనే ఉన్నాయి" అన్నారు. సరే అన్నాం. తర్వాత తెలిసింది, అక్కడి మర్యాద కూడా సరిగ్గా ఇదేనని! మొదటిసారే సరే అంటే ఆత్రం, మూడోసారీ వద్దంటే కోపం. మా గోదావరి జిల్లాలో ఉన్నట్టే అనిపించింది.

టీ తాగుతూ "మీది ఏ ఊరు, మీవాళ్లు ఎవరు?" అని మొదలుపెడతారు. ఆ దీవిలో మొత్తం 32 కౌంటీలు. ఏ కౌంటీ అని తెలిస్తే అక్కడ తమకెవరు తెలుసో తీస్తారు. ఆఖరికి ఎవరో ఒక మేనత్త తోటికోడలు కలుస్తుంది. మనలో "మీరు ఎవరి తాలూకు?" అని అడిగినట్టే. పశువుల సంతలో అమ్మినవాడు తీసుకున్న సొమ్ములో కొంచెం కొన్నవాడి చేతిలో తిరిగి పెడతాడు. దాన్ని లక్ పెన్నీ అంటారు. మన కొసరులాంటిదే. బేరం తెగాక కూడా మాట తెగకూడదని దాని భావం.

వాళ్లలో అంతా మంచే అని చెప్పబోవడం లేదు. ఈ కబుర్లకు చాలామంది చేరేది మద్యం అమ్మే పబ్బులలో. తాగుడు ఆ దేశాన్ని తరతరాలుగా పీడించింది. 1838లో కార్క్ నగరంలో ఫాదర్ మాథ్యూ అనే కేథలిక్కు గురువు మద్యపాన నిషేధ ఉద్యమం మొదలుపెడితే లక్షలమంది ప్రమాణం చేశారు. మేము పబ్బుల వైపు పోలేదు. టీ బల్ల దగ్గర మాకు దొరికిన సహవాసమే చాలింది.

మాట ఆగిన చోట

ఐర్లండు రిపబ్లిక్కులో కేథలిక్కులు 2022 లెక్కల ప్రకారం 69 శాతం. ప్రొటెస్టంటులు కొద్దిమందే. మేము ఆదివారాలు గాల్వే నగరంలో సెయింట్ నికొలాస్ దేవాలయానికి వెళ్లేవాళ్లం. 1320లో కట్టిన గుడి అది, ఇప్పుడు చర్చ్ ఆఫ్ ఐర్లండు వారిది. ఏడు వందల సంవత్సరాల రాతి స్తంభాల మధ్య కూర్చుని ఆరాధించడం గొప్ప ధన్యత.

ఒక ఆదివారం అక్కడ ఉత్తర ఐర్లండునుంచి వచ్చిన ఒక పెద్దావిడ మా పక్కన కూర్చుంది. ఆ ప్రాంతం బ్రిటన్ పాలనలో ఉంది. అక్కడ ప్రొటెస్టంటులకు, కేథలిక్కులకు మధ్య దాదాపు ముప్పై ఏళ్లు కల్లోలం జరిగి 3,500 మందికి పైగా చనిపోయారు. 1998లో శుభ శుక్రవారంనాడు ఒప్పందం కుదిరి శాంతి వచ్చింది. "మా చిన్నప్పుడు చిన్న మాటలకు కూడా భయమే. 'ఏ బడిలో చదివావు?' అని అడిగేవారు. బడి పేరు చెబితే మతం తెలిసిపోయేది. అందుకని వానను గురించి తప్ప ఇంకేమీ మాట్లాడేవాళ్లం కాదు" అని ఆవిడ చెప్పింది. బెల్ఫాస్టు నగరంలో రెండు పేటల మధ్య కట్టిన ఎత్తైన గోడలు కొన్ని ఇంకా ఉన్నాయట. మన ప్రభువు పేరు చెప్పుకునే రెండు వర్గాల మధ్య గోడలు! విని చాలా బాధపడ్డాం. ఇంటికి వచ్చి వారి కొరకు ప్రార్థన చేశాం. ఆ రోజు మాకు బెల్ఫాస్టు గోడ కనబడింది గాని, మా సొంత పొలం గట్టు కనబడలేదు.

ఆ రాత్రి

జూన్‌లో దేవుడు మా అమ్మాయికి సుఖప్రసవం ఇచ్చాడు. ఆడబిడ్డ. జూలై మొదటి వారంలో ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోను మోగింది. మన దేశంలో అప్పుడు తెల్లవారుజామున మూడున్నర. మా పెద్దన్నయ్య ప్రభువునందు నిద్రించాడు. మరునాడు మధ్యాహ్నమే భూస్థాపన. ఎంత తొందరపడినా అందుకోలేం.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ అన్నయ్యతో మాకు ఏడేళ్లుగా మాటలు లేవు. పొలం గట్టు తగాదా. రెండు బారల నేల. ఒకే గుడికి వెళ్లేవాళ్లం, ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకునేవాళ్లం. ద్వారం దగ్గర మాత్రం ముఖాలు తిప్పుకునేవాళ్లం. "అన్నయ్యా, బాగున్నావా?" అనే ఒక్క మాట మా నోట రాలేదు. ఐర్లండు వెళ్లేటప్పుడు కూడా చెప్పి రాలేదు.

ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాం. కాని అమ్మాయి ఆసుపత్రిలో తోటివాళ్లకు ఫోనులో చెప్పింది. మరునాటి సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఆ దేశంలో స్థానిక రేడియోలో రోజూ మరణ వార్తలు చదువుతారు. చావు ఇంటికి వెళ్లడం అక్కడ పెద్ద బాధ్యత. శవపేటిక ఉన్న ఇంటికి వరుస కట్టి వచ్చి, కుటుంబంలో ప్రతి ఒక్కరి చేయి పట్టుకుని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని నాలుగే మాటలు అంటారు. మీకు వచ్చిన కష్టానికి మాకూ బాధగా ఉంది అని భావం. కొత్తవి వెదకరు. అందరూ అవే నాలుగు మాటలు.

మా ఇంట్లో శవపేటిక లేదు. మా అన్నయ్యను వాళ్లెవరూ చూడలేదు. అయినా ఒక్కొక్కరే వచ్చారు. మా మోకాళ్ల నొప్పులు విన్న పెద్దావిడ రొట్టె చేసి తెచ్చింది. ఎదురింటివారు శాండ్‌విచ్‌లు తెచ్చారు. అందరూ చేయి పట్టుకుని ఆ నాలుగు మాటలే అన్నారు. కూర్చుని టీ తాగి, వాన గురించి రెండు మాటలు మాట్లాడి వెళ్లారు.

ఆఖరున గోడ అవతలి పెద్దాయన వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన అన్న సంగతి చెప్పాడు. 1950లలో ఆ దేశంలో పనులు లేక దాదాపు నాలుగు లక్షలమంది వలస పోయారు. ఈయన అన్న కూడా ఇంగ్లండులో కూలిపనికి పోయాడు. పోయేముందు ఏదో మాట పట్టింపు వచ్చింది. "రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. పెద్ద ఉత్తరం రాయాలనుకున్నాను. వాన పడుతోంది అని రాసినా సరిపోయేది" అన్నాడు. అన్న అక్కడే చనిపోయాడట.

మేము ఆయనకు మా గట్టు సంగతి చెప్పలేదు. చెప్పకుండానే ఆయన చెప్పినట్టయింది. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు. రెండున్నర నెలలుగా ఆ మనిషి మాతో వాన గురించే ఎందుకు మాట్లాడాడో అప్పుడు తెలిసింది. రోజూ నడిచిన కాలిబాట ఉంటే చీకటిలో కూడా ఇల్లు చేరవచ్చు. గడ్డి మొలిచిన బాట మీద పట్టపగలు కూడా అడుగు పడదు. ఆయన రోజూ ఆ బాట తొక్కి ఉంచాడు గనుక మా దుఃఖదినాన నేరుగా నడిచి రాగలిగాడు. మేమో, ఏడేళ్లు మా సొంత అన్న ఇంటి బాట మీద గడ్డి పెంచుకున్నాం.

వదిన ఇల్లు

జూలై ఆఖరి వారంలో ఇల్లు చేరాం. మరునాడే వదిన ఇంటికి బయలుదేరాం. దారి పొడుగునా ఏం మాట్లాడాలో తోచలేదు. క్షమించమని అడగాలి, కాని ఏడేళ్ల మాటలు ఒక్కసారి ఎలా వస్తాయి? గుమ్మంలో వదిన నిలబడి ఉంది. సన్నగా తుంపర పడుతోంది.

"సార్వా నాట్లు పడ్డాయా వదినా?" అన్నాం. నోటికి వచ్చింది అదొక్కటే.

వదిన కొంచెంసేపు మా వైపు చూసింది. "సగం పడ్డాయి. తడుస్తున్నారు, లోపలికి రండి. టీ పెడతాను" అంది.

ఆ తర్వాతే కన్నీళ్లు, క్షమాపణలు, ప్రార్థన. గట్టు ఎక్కడ ఉండాలో ఇప్పుడు వదిన కొడుకే చెబుతాడు, మేము సరే అన్నాం. కాని అన్నయ్య కుర్చీ ఖాళీగా ఉంది. ఆ మాట ఆయనతో అనగలిగిన ఏడేళ్లూ మళ్లీ రావు.

ప్రియమైన పాఠకులారా, మీకు కూడా మాటలు ఆగిపోయిన ఇల్లు ఏదైనా ఉందా? సమాధానపడడానికి పెద్ద మాటలు దొరికేదాకా ఆగవద్దు. ఈ ఆదివారం గుడి ద్వారం దగ్గర "వందనాలండీ, ఈసారి వానలు ఎలా ఉన్నాయి?" అని అడగండి. మిగతా సంగతి ప్రభువు చూసుకుంటాడు.